పాల్ బుక్నర్

పాల్ బుక్నర్ (1886 - 1978) జర్మనీకి చెందిన సుప్రసిద్ధ జంతుశాస్త్రవేత్త, కణశాస్త్రవేత్త. కీటకాల దేహకణాల లోపల నివసిస్తూ తల్లి నుండి పిల్లకు తరతరాలుగా సంక్రమించే సూక్ష్మజీవులను గురించి అర్ధశతాబ్దానికి పైగా పరిశోధించి, ఆ అధ్యయనాన్ని ఒక ప్రత్యేక శాస్త్రశాఖగా తీర్చిదిద్దినవాడు. పేనుబంక పురుగుల కణాలలో ఉండే బుక్నెరా అఫిడికోలా అనే బాక్టీరియాకు ఇతని పేరే పెట్టారు. కిణ్వన ప్రక్రియపై చేసిన పరిశోధనకు 1907లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఎడ్వర్డ్ బుక్నర్ వేరొక వ్యక్తి. ఇద్దరూ జర్మన్లే కావడం వలన, ఇద్దరి పేర్లూ సూక్ష్మజీవులతో ముడిపడి ఉండటం వలన పొరపాటు పడే అవకాశం ఉన్నది.

బాల్యము, విద్యాభ్యాసము

బుక్నర్ 1886లో జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరంలో జన్మించాడు. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో ఆ కాలపు ప్రముఖ జంతుశాస్త్రవేత్త రిచర్డ్ హెర్ట్‌విగ్ వద్ద శిష్యరికం చేశాడు. అప్పట్లో జీవశాస్త్రవేత్తలందరి దృష్టీ కణకేంద్రకం మీద, అందులోని క్రోమోసోముల మీద ఉండేది. బుక్నర్ కూడా ఆ మార్గంలోనే మొదలుపెట్టాడు. మిడతల జాతికి చెందిన కీటకాలలో బీజకణాలు ఏర్పడేటప్పుడు అదనపు క్రోమోసోము ఎలా ప్రవర్తిస్తుందన్న విషయంపై ఇతడు రాసిన వ్యాసం 1909లో వెలువడింది.

పిమ్మట ఇటలీలోని నేపుల్స్ నగరంలో ఉన్న జంతుశాస్త్ర పరిశోధనా కేంద్రంలో కొంతకాలం పనిచేశాడు. ఐరోపా దేశాల శాస్త్రజ్ఞులు సముద్రజీవుల అధ్యయనానికి అక్కడికి వచ్చేవారు. ఈ నేపుల్స్ పరిచయం ఇతని జీవితాన్ని రెండు విధాలుగా మలుపు తిప్పింది. పరిశోధనాంశమూ అక్కడి నుండే వచ్చింది, చివరకు స్థిరనివాసమూ ఆ సమీపంలోనే ఏర్పడింది.

బుక్నర్‌కు పూర్వం

కొన్ని కీటకాల పొట్టలో, జీర్ణాశయంతో గాని జననేంద్రియాలతో గాని నేరుగా సంబంధం లేని ఒక చిత్రమైన అవయవం ఉన్నదని చాలాకాలంగా తెలుసు. 1665లో రాబర్ట్ హుక్ తన సూక్ష్మదర్శినిలో పేనును చూసినప్పుడే దాని పొట్టలో ఒక మచ్చను గమనించాడు. అది ఏమిటో అతనికి తెలిసే అవకాశం లేదు. 1858లో థామస్ హక్స్‌లీ పేనుబంకలో ఇటువంటి కణసముదాయాన్నే వర్ణించి, అది గుడ్డులోని పచ్చసొన వంటి ఆహారపు నిల్వ కావచ్చునని తలచాడు. 1880 దశకంలో ఫ్రెడరిక్ బ్లాక్‌మన్ చీమలలోను, బొద్దింకలలోను కొన్ని కణాల నిండా కడ్డీల ఆకారంలో ఉన్న రేణువులను చూసి, అవి బాక్టీరియాను పోలి ఉన్నాయని ప్రకటించాడు. అయితే ఆరోగ్యంగా ఉన్న జీవి కణంలో బాక్టీరియా ఉంటుందంటే ఆనాటి శాస్త్రలోకం సులభంగా ఒప్పుకోలేదు. పాశ్చర్, కాక్ వంటి మహనీయుల కృషి ఫలితంగా బాక్టీరియా అనగానే వ్యాధి అన్న భావనే అప్పుడు బలంగా ఉండేది.

1910లో నేపుల్స్‌కు చెందిన ఉంబెర్తో పియరాంతోని, మొరేవియాకు చెందిన కారెల్ షూల్ట్స్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే, ఆ అవయవంలో ఉన్నవి పచ్చసొన రేణువులు కావని, సజీవమైన సూక్ష్మజీవులని తేల్చారు. అవి ఈస్టు వంటి శిలీంధ్రాలని భావించి, వాటిని మోసే కణాలకు మైసెటోసైట్లు అని, అవయవానికి మైసెటోము అని పేర్లు పెట్టారు. వాటిలో చాలావరకు నిజానికి బాక్టీరియా అని తరువాత తేలింది. అందువలన నేడు బాక్టీరియోసైట్ అన్న పేరు వాడుకలోకి వచ్చింది.

పరిశోధనలు

ఇరవై అయిదేళ్ళ ప్రాయంలో బుక్నర్ ఈ రంగంలో ప్రవేశించాడు. మొక్కల రసం పీల్చే కీటకాల సహజీవులపై 1912లో ఇతడు ప్రచురించిన విస్తారమైన అధ్యయనం మొదటి మైలురాయి. అప్పటివరకు ఈ సూక్ష్మజీవులు ఒకటి రెండు కీటకాలలో కనిపించిన వింతలుగానే పరిగణింపబడేవి. బుక్నర్ పేనుబంకలు, పొలుసు పురుగులు, దీపపు పురుగులు, సికాడాలు, బొద్దింకలు, చీమలు, పేలు ఇలా ఒక్కొక్క వర్గాన్నే తీసుకొని, పలుచని పొరలుగా కోసి, రంగులద్ది పరిశీలించాడు. నల్లిలో ఉన్న ఇటువంటి అవయవాన్ని గురించి ఇతడు 1921లో ప్రకటించాడు. అదే సంవత్సరం బెర్లిన్‌లో ఇతని ప్రసిద్ధ గ్రంథం తొలి రూపంలో వెలువడింది. 1930లో దానిని విస్తరించి ప్రచురించాడు. కలపను తినే కీటకాల ఆహారానికి, సహజీవనానికి గల సంబంధంపై 1928లో మరొక పుస్తకం రాశాడు.

ఈ పరిశీలనల నుండి బుక్నర్ గ్రహించిన విషయం చాలా సరళమైనది. సహజీవులు ఉన్న కీటకాల జాబితాను, వాటి ఆహారపు జాబితాను పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకదానితో ఒకటి సరిపోతాయి. పుట్టుక నుండి చావు వరకు మొక్కల రసం మాత్రమే పీల్చేవి, జీవితాంతం రక్తం మాత్రమే తాగేవి, ఎండు కలపను తినేవి, ఇలా ఏకరూపమైన లోపభూయిష్ట ఆహారంపై బ్రతికే కీటకాలలో సహజీవులు ఉన్నవి. ఇతర కీటకాలను వేటాడి తినే వాటిలో సామాన్యంగా లేవు. రక్తం తాగే కీటకాలలో కనిపించే తేడా మరింత ఆసక్తికరమైనది. నల్లి, పేను జీవితమంతా రక్తంపైనే ఆధారపడతాయి, వాటికి సహజీవుల అవయవం ఉన్నది. దోమ పిల్లదశలో నీటిలోని సూక్ష్మజీవులను తిని పెరుగుతుంది, దానికి అటువంటి అవయవం లేదు. దీనిని బట్టి ఆహారంలో లోపించిన పదార్థమేదో ఈ సూక్ష్మజీవులు కీటకానికి అందిస్తున్నాయని బుక్నర్ అనుమానించాడు.

అయితే ఇది పోలిక ద్వారా చేసిన వాదన మాత్రమే. ఆ పదార్థమేదో చూపడం ఇతనికి సాధ్యపడలేదు. కణం బయటకు తీసిన సహజీవులు పోషక మాధ్యమాలలో పెరగవు. పెరిగాయని కొందరు ప్రకటించిన సందర్భాలలో అనేకం బయట నుండి చేరిన వేరే సూక్ష్మజీవుల వలన కలిగిన పొరపాట్లు. పెంచడానికి వీలుకాని జీవి యొక్క జీవక్రియను పరీక్షించే సాధనాలు ఆ రోజులలో లేవు. ఇతని సిద్ధాంతంలోని ప్రధానాంశం ఇతని జీవితకాలంలో చాలాభాగం నిరూపణ కోసం ఎదురుచూస్తూనే ఉన్నది.

తల్లి నుండి పిల్లకు

బుక్నర్ కృషిలో అత్యంత సంపన్నమైన భాగం సహజీవుల వారసత్వ మార్గాల వర్ణన. సూక్ష్మజీవి పరాన్నజీవి అయితే ఎలాగోలా చొరబడుతుంది. కానీ ఇక్కడ దానిని పిల్లకు అందజేయడానికి కీటకమే ఏర్పాట్లు చేస్తున్నది. పిల్లలను కనే పేనుబంకలో, తల్లి మైసెటోసైట్ల నుండి వెలువడిన బాక్టీరియా తల్లి గర్భంలోనే పెరుగుతున్న పిండంలో ప్రవేశిస్తుంది. గుడ్లు పెట్టే కీటకాలలో అది గుడ్డు ఏర్పడేటప్పుడే ఒక కొస వద్ద చేరుతుంది. ఎండు దినుసులలో పెరిగే ఒక రకం పెంకు పురుగులో తల్లి గుడ్డు పైపెంకుకు ఈస్టును పూస్తుంది. పిల్ల పురుగు ఆ పెంకును కొరుక్కొని బయటకు వస్తూ దానిని మింగుతుంది. కాప్టోసోమా అనే నల్లి జాతి కీటకం గుడ్ల నడుమ బాక్టీరియా నిండిన చిన్న గుళికలను పెట్టి పోతుంది. గుడ్డు నుండి వెలువడిన పిల్ల ముందుగా ఆ గుళికను పీల్చిన తరువాతనే మొక్క వైపు సాగుతుంది.

దీపపు పురుగులు, సికాడాల వర్గంలో బుక్నర్, ఇతని శిష్యులు ఒకే కీటకంలో రెండు, మూడు, అంతకు మించిన సహజీవులను, ఒక్కొక్కదానికి వేరువేరు రంగులు, ఆకారాలు గల అవయవాలను కనుగొన్నారు. ఇంతటి వైవిధ్యం ఎందుకు అన్న ప్రశ్నకు అప్పుడు జవాబు దొరకలేదు. మొదట ఒక సహజీవి చేరి, ఆ తరువాత మరొకటి కలిసి ఉంటుందని వీరు ఊహించారు. ఆ ఊహ చాలావరకు సరైనదేనని తరువాతి పరిశోధనలు తెలిపాయి.

శిష్యుల ప్రయోగాలు

బుక్నర్ 1923లో గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి పొందాడు. తరువాత బ్రెస్లా (నేటి పోలండ్‌లోని వ్రోత్స్‌వాఫ్), 1930 దశకం మధ్య నుండి లైప్‌జిగ్ విశ్వవిద్యాలయాలలో పనిచేశాడు. ఈ మూడు చోట్లా ఇతని చుట్టూ ఒక శిష్యబృందం ఏర్పడింది.

గురువు సూక్ష్మదర్శినితో చూచిన దానిని శిష్యతరం ప్రయోగాలతో పరీక్షించింది. 1930 దశకం తొలినాళ్ళలో మాన్‌ఫ్రెడ్ ఆష్నర్, ఎరిక్ రీస్‌లు పేనులోని సహజీవుల అవయవాన్ని తొలగించే సున్నితమైన శస్త్రచికిత్సలు చేసి చూచారు. పేను పరిమాణం తలచుకొంటే ఆ పనిలోని ఓపిక ఎంతటిదో అర్థమవుతుంది. సహజీవులు లేని పేలు సరిగా గుడ్లు పెట్టలేక త్వరగా మరణించాయి. ఆంటన్ కోచ్ పైన చెప్పిన పెంకు పురుగు గుడ్లను శుభ్రపరచి ఈస్టు లేకుండా పెంచాడు. పిల్లలు సరిగా పెరగలేదు. ఆహారంలో ఈస్టు కలిపి ఇవ్వగానే పెరుగుదల తిరిగి మొదలైంది. 1944లో ఇంగ్లండులో బ్లూవెట్, ఫ్రాంకెల్‌లు ఇటువంటి పురుగులకు ఈస్టు అందించేది బి వర్గపు విటమినులేనని చూపారు. కీటకాల సహజీవుల నుండి లభించే పదార్థాన్ని పేరుపెట్టి చెప్పగలిగిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

వివాదాలు

బుక్నర్ తన రంగంలో తిరుగులేని ప్రామాణికుడే అయినా అన్ని విషయాలలోనూ సరైన పక్షాన నిలువలేదు. సముద్రజీవులలోని కాంతి అవయవాలు సహజీవులైన సూక్ష్మజీవుల వలన వెలుగుతాయన్న పియరాంతోని అభిప్రాయాన్ని ఇతడు ఉత్సాహంగా సమర్థించి 1914లో వ్యాసం రాశాడు. కొన్ని చేపలు, కణవాయి వంటి జీవుల విషయంలో అది నిజమే. కానీ మిణుగురు పురుగు వెలుగు బాక్టీరియా వలన కాదు, దాని సొంత రసాయన చర్య వలన కలిగేదే.

అంతకంటె పెద్ద విషయం మైటోకాండ్రియాది. 1918లో ఫ్రాన్సుకు చెందిన పాల్ పోర్తియే, 1927లో అమెరికాకు చెందిన ఐవాన్ వాలిన్, ప్రతి కణంలోనూ ఉండే మైటోకాండ్రియా ఒకప్పటి బాక్టీరియా అని వాదించారు. సహజీవనంపై ప్రపంచంలోనే అందరికన్నా ఎక్కువ తెలిసిన బుక్నర్ దీనిని ఒప్పుకోలేదు. ఇందుకు కారణం లేకపోలేదు. పోర్తియే, వాలిన్‌లు తాము మైటోకాండ్రియాను కణం బయట పెంచామని చెప్పిన ప్రయోగాలు నమ్మదగినవి కావు. నిర్దిష్టమైన కీటకంలో, నిర్దిష్టమైన అవయవంలో, కంటికి కనిపించే సహజీవనాన్ని శాస్త్రంగా నిలబెట్టాలని తపించే వ్యక్తికి అటువంటి వాదాలు తన రంగానికే అపఖ్యాతి తెస్తాయని తోచి ఉంటే ఆశ్చర్యం లేదు. అయినా చరిత్ర ఆ ఊహ వైపే మొగ్గింది. 1967లో లిన్ మార్గులిస్ ఈ సిద్ధాంతాన్ని పునరుద్ధరించగా, తరువాతి దశాబ్దాలలో జన్యు ఆధారాలతో అది అంగీకారం పొందింది.

ఈస్కియా ద్వీపంలో

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1943 డిసెంబరులో లైప్‌జిగ్ నగరంపై జరిగిన వైమానిక దాడిలో విశ్వవిద్యాలయ భవనాలు అనేకం ధ్వంసమయ్యాయి. బుక్నర్ ఆ కాలంలోనే జర్మనీలోని ఆచార్య జీవితానికి స్వస్తి చెప్పి, నేపుల్స్ అఖాతంలోని ఈస్కియా అనే చిన్న ద్వీపంలో స్థిరపడ్డాడు. మిగిలిన జీవితమంతా అక్కడే గడిపాడు. విశ్వవిద్యాలయం, పరిశోధనాశాల వెనుక లేకపోయినా ద్వీపంలో దొరికే పొలుసు పురుగులు, ఇతర దేశాల నుండి తెప్పించుకొన్న నమూనాలతో సూక్ష్మదర్శిని పని మాత్రం ఆపలేదు.

ఇతని మహాగ్రంథం పూర్తి రూపంలో 1953లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో వెలువడినది ఈ కాలంలోనే. దాని ఆంగ్లానువాదం 1965లో న్యూయార్కులో ప్రచురితమైంది. తొమ్మిది వందల పుటలకు మించిన ఈ గ్రంథాన్ని ఈ రంగంలో పనిచేసేవారు 21వ శతాబ్దంలో కూడా ఆకరగ్రంథంగా ఉపయోగిస్తున్నారు. గ్రంథం పేరులో ఈ సూక్ష్మజీవులను మొక్కల వర్గానికి చెందినవిగా పేర్కొనడం పాత వర్గీకరణకు గుర్తు.

ద్వీపం చరిత్రపైన కూడా బుక్నర్‌కు ఆసక్తి కలిగింది. అక్కడి వేడినీటి ఊటలకు 16వ శతాబ్దంలో ప్రాచుర్యం తెచ్చిన వైద్యుడు జూలియో యాసొలీనో గురించి ఒక పుస్తకం రాశాడు. ఇతని కుమారుడు జార్జియో బుక్నర్ (1914 - 2005) పురావస్తు శాస్త్రవేత్తగా పేరుపొందాడు. పశ్చిమాన అతి ప్రాచీనమైన గ్రీకు వలస స్థావరాలలో ఒకటైన పిథెకూసైను ఈ ద్వీపంలోనే త్రవ్వి తీసినవాడు ఇతడే.

పాల్ బుక్నర్ 1978లో, తొంభై ఏళ్ళు దాటిన వయసులో, ఈస్కియాలో మరణించాడు.

మరణానంతరం తేలిన జీవక్రియ రహస్యాలు

సహజీవులను పెంచకుండానే వాటి డి.ఎన్.ఎ.ను చదవగల పద్ధతులు బుక్నర్ మరణించిన తరువాతి దశాబ్దంలో వచ్చాయి. 1991లో అమెరికాలో పాల్ బౌమన్ బృందం పేనుబంకలోని బాక్టీరియాకు బుక్నెరా అఫిడికోలా అని నామకరణం చేసింది. ఈ సహజీవనం కనీసం 16 కోట్ల సంవత్సరాల నాటిదని 1993లో అంచనా వేశారు.

2000లో జపాన్ శాస్త్రజ్ఞులు బుక్నెరా జన్యుసముదాయాన్ని సంపూర్ణంగా చదివారు. దాని ప్రధాన క్రోమోసోము పొడవు 6,40,681 క్షారజంటలు మాత్రమే. దీనికి దూరపు బంధువైన, మన పేగులలో ఉండే ఎశ్చరీషియా కోలై బాక్టీరియాకు సుమారు 46 లక్షలు ఉంటాయి. బుక్నెరా ఏ జన్యువులను పోగొట్టుకొన్నది, వేటిని ఉంచుకొన్నది అన్న జాబితా చూడగానే, ఆహారం గురించి బుక్నర్ వేసిన ప్రశ్నకు సమాధానం దొరికింది.

మొక్కల పోషక కణజాలంలో ప్రవహించే రసంలో చక్కెర పుష్కలం. నత్రజని పదార్థాలు తక్కువ, ఉన్నవి కూడా ఎక్కువగా గ్లుటమిన్, ఆస్పరజిన్ వంటి అనావశ్యక అమైనో ఆమ్లాలు. జంతువులు తమంతట తాము తయారుచేసుకోలేని ఆవశ్యక అమైనో ఆమ్లాలు పది. అవి రసంలో చాలినంత లేవు. బుక్నెరా సరిగ్గా వీటిని తయారుచేసే జన్యువులనే పదిలంగా ఉంచుకొన్నది. అనావశ్యక అమైనో ఆమ్లాలను తయారుచేసే జన్యువులలో చాలావాటిని, తన కణపు పైపొరలను నిర్మించుకొనే జన్యువులను వదలివేసింది. కొన్ని జాతులలో ట్రిప్టోఫాన్, ల్యూసిన్ తయారీకి ముఖ్యమైన జన్యువులు క్రోమోసోము నుండి విడివడి, ప్లాస్మిడ్లు అనే చిన్న వలయాలపై ఉన్నవి.

2010లో పేనుబంక జన్యుసముదాయం కూడా వెలువడిన తరువాత మరింత లోతైన విషయం బయటపడింది. కొన్ని అమైనో ఆమ్లాల తయారీ పూర్తిగా బుక్నెరా పని కాదు. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్‌ల విషయంలో చివరి మెట్టుకు కావలసిన ఎంజైము బాక్టీరియాలో లేదు, అది కీటకపు కణంలో ఉన్నది. కీటకం విసర్జించవలసిన అమ్మోనియా సైతం ఆ కణంలోనే తిరిగి గ్లుటమిన్, గ్లుటమేట్‌లుగా మారి బాక్టీరియాకు ముడిసరుకుగా చేరుతుంది. అనగా ఒకే రసాయన మార్గం రెండు జీవుల మధ్య పంచబడి ఉన్నది. కణం బయట ఇది ఎందుకు పెరగదన్న ప్రశ్నకు కూడా ఇదే వివరణ. బుక్నర్ దీనిని చక్కగా సర్దుబాటైన సామరస్యంగా భావించాడు. జన్యువుల సాక్ష్యం కొంత కఠినమైనది. తల్లి నుండి పిల్లకు కొద్దిపాటి సంఖ్యలో మాత్రమే సంక్రమించడం వలన హానికర మార్పులు పేరుకొని, పోయిన జన్యువు తిరిగి రాక, బాక్టీరియా తరతరానికీ క్షీణిస్తున్నది. దేవదారు చెట్లపై బ్రతికే ఒక పేనుబంకలో బుక్నెరా ట్రిప్టోఫాన్‌ను ఒంటరిగా తయారుచేయలేక, సెర్రాషియా అనే మరొక బాక్టీరియాతో ఆ పనిని పంచుకొంటున్నది.

రక్తం తాగే కీటకాలలో లోపం వేరు. రక్తంలో మాంసకృత్తులు సమృద్ధిగా ఉన్నా బి విటమినులు చాలవు. ఆఫ్రికాలో అతినిద్ర వ్యాధిని వ్యాపింపజేసే ట్సెట్సీ ఈగలోని విగిల్స్‌వర్తియా జన్యుసముదాయం 2002లో చదివినప్పుడు, అంత చిన్న జన్యుసముదాయంలో బి విటమినుల తయారీకి కావలసిన జన్యువులు అనేకం మిగిలి ఉన్నట్లు తెలిసింది. బుక్నర్ 1921లో వర్ణించిన నల్లి అవయవంలో ఉన్నది వోల్బాకియా అని, దానిని తొలగిస్తే బి విటమినులు ఇస్తే తప్ప నల్లి పెరగదని 2010లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపారు. బొద్దింక కొవ్వు కణాలలోని బ్లాటబాక్టీరియం నత్రజని వ్యర్థాలను తిరిగి అమైనో ఆమ్లాలుగా మార్చగలదని 2009లో తేలింది. మన వరిచేలను పాడుచేసే సుడిదోమలో ఉన్నవి బాక్టీరియా కావు, ఈస్టు వంటి శిలీంధ్రాలు. కానీ చేసే పని అటువంటిదే. సుడిదోమ దేహంలోని యూరిక్ ఆమ్లాన్ని అవి తిరిగి పోషకంగా మారుస్తాయి.

బాక్టీరియా పేర్లు

ఈ రంగంలో ఒక చక్కని ఆచారం ఏర్పడింది. సహజీవులకు తొలితరం పరిశోధకుల పేర్లు పెట్టారు. చీమలలోని బ్లాక్‌మనియా ఫ్రెడరిక్ బ్లాక్‌మన్ పేరున, పేనులోని రీసియా ఎరిక్ రీస్ పేరున ఉన్నవి. దీపపు పురుగులు, సికాడాల వర్గంలో విస్తారంగా కనిపించే సల్సియా మ్యుల్లరీ పేరులో కారెల్ షూల్ట్స్‌తో పాటు బుక్నర్ శిష్యుడు హెచ్.జె. మ్యుల్లర్ కూడా ఉన్నాడు. ఒకే కీటకంలో ఇన్ని సహజీవులెందుకన్న పాత ప్రశ్నకు జవాబు దొరికినది కూడా ఈ సల్సియా ద్వారానే. మొక్కల దారువు నుండి రసం పీల్చే ఒక రకం కీటకంలో సల్సియా ఆవశ్యక అమైనో ఆమ్లాలలో అధికభాగాన్ని తయారుచేస్తుండగా, పక్కనే ఉన్న బౌమనియా అనే బాక్టీరియా విటమినులను, మిగిలిన అమైనో ఆమ్లాలలో కొన్నింటిని తయారుచేస్తున్నదని 2006లో వెల్లడైంది. పియరాంతోని పేరు ఇంట్లో బియ్యపు డబ్బాలో కనిపించే ముక్కుపురుగు సహజీవికి దక్కింది. సోడాలిస్ పియరాంతోనియస్ అనే ఆ బాక్టీరియా పురుగుకు గట్టి నల్లని పెంకు ఏర్పడటానికి కావలసిన అమైనో ఆమ్లాలను అందిస్తుంది. పెంకు పూర్తిగా గట్టిపడిన తరువాత పురుగు తన పేగులోని ఆ బాక్టీరియాను తానే జీర్ణించుకొంటుంది.